రీడింగ్ నుంచి సాల్స్‌బరీ, సుద్దకొండల మీదుగా సైకిల్ మీద: మూడు రోజులకు దారి చెప్పండి

కొత్తచక్రం:

అందరికీ నమస్కారం. ఉండేది రీడింగ్‌లో. మే నెలాఖరు బ్యాంక్ హాలిడే కలుపుకుని శని, ఆది, సోమ చేతిలో ఉన్నాయి. ఇంట్లోవాళ్లు అప్పటికి ఇండియాలో ఉంటారు, కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరు.

విల్ట్‌షైర్, హాంప్‌షైర్ వైపు పచ్చటి సుద్దకొండలు, మధ్యలో చిన్న చిన్న నదులు ఉంటాయని విని అటు తొక్కాలని కోరిక. స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ చూడాలి. ఆఫీసులో ఒకాయన కింగ్ ఆల్‌ఫ్రెడ్స్ వే కొట్టేయమంటున్నాడు. చూస్తే అది 350 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మట్టిబాటలే. నా దగ్గరున్నది మామూలు హైబ్రిడ్ సైకిల్, 35 మిల్లీమీటర్ల టైర్లు, వెనక క్యారియర్‌కి రెండు సైడు బ్యాగులు. థేమ్స్ పక్కన చదును దారిలో 60 కిలోమీటర్లు తొక్కితే మర్నాడు ఆఫీసుకి బాగానే వెళ్లగలను. మిట్టల అలవాటు లేదు. టెంట్ వద్దు, రాత్రికి గది కావాలి. శాకాహారిని.

దారి ఎలా వేసుకోమంటారు?

పాతగేరు:

తమ్ముడూ, ఎక్కడికో వెళ్లి మొదలుపెట్టక్కర్లేదు, నీ గుమ్మంలోంచే బయల్దేరు. మీ ఊళ్లో థేమ్స్‌లో కలిసేది కెన్నెట్ నది. దాన్ని పట్టుకుని ఎగువకి పోతే అది పుట్టేది ఏవ్‌బరీ పక్కనే. నీ మొదటి రోజు దారి అదే.

ముందు ఇక్కడి నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే దారంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇది సుద్దనేల. వాన పైన నిలవదు, గుట్ట పీల్చేసుకుంటుంది. పీల్చుకున్నది నిదానంగా కిందకి దిగి లోయ అడుగున ఊటగా బయటికొస్తుంది. అందుకే గుట్టల మీద ఊళ్లు లేవు, కొట్లు లేవు, నీడ కూడా అంతంతమాత్రం. ఊరు, పబ్, చర్చి, కొళాయి, అన్నీ ఏటి ఒడ్డునే. బ్యాగులు వేసుకుని రోజంతా గుట్టమీద ఉండాలనుకోకు. లోయ వెంట పో, రోజుకొక్క గుట్ట దాటు, అవతలి లోయలో పడు.

శనివారం, రీడింగ్ నుంచి మార్ల్‌బరో, సుమారు 65 కిలోమీటర్లు. న్యూబరీ దాకా 4వ నంబరు సైకిల్ దారి బోర్డులు చూసుకుంటూ పో. చాలా మటుకు కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ గట్టే. చదునుగా ఉంటుంది కదా అని గంటకి ఇరవై లెక్క వేసుకోకు. గట్టు సన్నం, గేలాలు వేసేవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్రలు చాపుకుని కూర్చుంటారు, కుక్కలు, పిల్లలు. గంట కొట్టుకుంటూ నిదానంగా పోవాలి. హంగర్‌ఫర్డ్ దగ్గర కాలువ నైరుతికి తిరుగుతుంది. దాన్ని వదిలెయ్. చిల్టన్ ఫోలియట్, రామ్స్‌బరీ, ఆక్స్‌ఫర్డ్ కాదు, ఆక్స్‌ఫర్డ్‌లా వినిపించే యాక్స్‌ఫర్డ్ అనే పల్లె, మిల్డెన్‌హాల్. కెన్నెట్‌ని పట్టుకుని వెళ్లే ఈ చిన్న రోడ్డు కోసమే నిన్ను అటు పంపిస్తున్నాను. వంతెన కనిపించిన చోటల్లా కాలు కింద పెట్టు. సుద్దలోంచి వడకట్టుకుని వచ్చిన నీళ్లు కాబట్టి అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. మే నెలాఖరుకి నీటి మీద తెల్లటి చిన్న పూలు, ఒక్కో చోట ఏరు కనిపించనంతగా పరుచుకుని ఉంటాయి. దిగి ఈదుదామని మాత్రం అనుకోకు, ఊట దగ్గర ఏడాది పొడుగునా 10, 11 డిగ్రీలే.

ఆదివారం, మార్ల్‌బరో నుంచి సాల్స్‌బరీ, స్టోన్‌హెంజ్ కలుపుకుని 75 పైచిలుకు. ఇది పెద్ద రోజు, ఎనిమిదింటికల్లా బయల్దేరు. ఏ4 రోడ్డు ఎక్కకుండా మాంటన్, క్లాట్‌ఫర్డ్, లాకరిడ్జ్ మీదుగా చిన్న రోడ్డులో ఏవ్‌బరీ చేరు. రాళ్ల వలయం ఊరి చుట్టూ ఉంటుంది, ఊరి రోడ్డు దాని మధ్యలోంచే పోతుంది, టికెట్ లేదు, రాయిని ముట్టుకోవచ్చు. పక్కనే సిల్బరీ గుట్ట, చరిత్రపూర్వ కాలంలో మనుషులు పోసిన మట్టిదిబ్బల్లో యూరప్‌లోకెల్లా పెద్దది. దాని దగ్గర్లోనే స్వాలోహెడ్ ఊటలు, కెన్నెట్ అక్కడే పైకి వస్తుంది. వేసవి ముదిరితే అక్కడ చుక్క కూడా ఉండకపోవచ్చు, మేలో అయితే ఆశ పెట్టుకో.

అక్కణ్ణుంచి మళ్లీ లాకరిడ్జ్ వైపు వచ్చి దక్షిణానికి తిరిగి ఆల్టన్ బార్న్స్ రోడ్డు పట్టు. నీ గుట్ట ఇదే. భయపడకు. సుద్దగుట్టకి ఒక పక్క వాలు నిదానంగా, రెండో పక్క నిలువుగా ఉంటుంది. నువ్వు ఉత్తరం నుంచి వస్తున్నావు కాబట్టి నిదానమైన వైపు ఎక్కుతావు. నాప్ హిల్, వాకర్స్ హిల్ రెండింటి మధ్య కనుమ దగ్గరికి రాగానే కింద ప్యూజీ లోయ మొత్తం ఒక్కసారి పరుచుకుంటుంది. కుడి చేతి వైపు మిల్క్ హిల్ వాలు మీద 1812లో చెక్కిన తెల్ల గుర్రం. దిగేముందు బ్రేకులు చూసుకో, వెనక బరువుంటే సైకిల్ నువ్వనుకున్న చోట ఆగదు. ఇదే దారి తలకిందులుగా, దక్షిణం నుంచి రాసి ఉన్న చోట్లు నెట్‌లో చాలా ఉన్నాయి. బ్యాగులతో అలా ఎక్కడం దండగ.

ఇంకో మాట. లాకరిడ్జ్ పక్కన పచ్చికలో గొర్రెలు పడుకున్నట్టు బూడిదరంగు బండలు కనిపిస్తాయి, వాటిని సార్సెన్ అంటారు. దక్షిణంగా కనిపించే అడివి వెస్ట్ వుడ్స్. స్టోన్‌హెంజ్‌లో నిలబెట్టిన పెద్ద సార్సెన్‌లలో దాదాపు అన్నీ అక్కడివేనని 2020లో రాతి రసాయన పరీక్షల వల్ల తేలింది. 20 టన్నులకి పైబడ్డ రాళ్లు. మధ్యాహ్నానికి నీకు తొడలు పట్టేసినప్పుడు అవి ఏ దారిన లాక్కుపోయారో ఆలోచించుకో, నీ బ్యాగులు తేలికవుతాయి.

ప్యూజీ లోయలోంచి అపేవన్. ఇక్కడ ఏవన్ నది తగులుతుంది (బ్రిస్టల్ ఏవన్ వేరు, ఇది సాల్స్‌బరీ ఏవన్). పడమటి ఒడ్డున ఏ345, దాని జోలికి పోవద్దు. తూర్పు ఒడ్డున ఈస్ట్ చిజెన్‌బరీ, ఫిటిల్టన్, ఫైల్డీన్, మిల్స్టన్ మీదుగా సన్నటి రోడ్డుంది. ఇళ్ల ప్రహరీలు చూస్తూ పో. సుద్దనీ గడ్డినీ కలిపి తొక్కి కట్టిన గోడలు, పైన గడ్డికప్పు. మన పల్లెల్లో మట్టిగోడ వానకి కరగకుండా తాటాకు కప్పరూ, అచ్చం అదే. తడి తగిలితే సుద్దగోడ కూడా నిలవదు. ఈ ప్రాంతంలో రెండు పక్కలా సైన్యం భూములు. ఎర్రజెండా ఎగురుతున్న బాటలోకి వెళ్లొద్దు, రోడ్డు మీద ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

స్టోన్‌హెంజ్, వుడ్‌ఫర్డ్ లోయ గురించి తర్వాత రాస్తాను, డ్యూటీకి టైమవుతోంది.

గుట్టమీదోడు:

పాతగేరు అన్న చెప్పిండంటే దారి బరాబరే ఉంటది. కానీ ఒక్క ముచ్చటకి నేను ఒప్పుకోను. సుద్దకొండలు చూస్తనని పోయి లోయల్ల తిరిగి వస్తే ఎట్ల? గుట్టమీద పోవుడే అసలు మజా.

రీడింగ్ నుంచి గోరింగ్ దాకా రైలుల పో, నది దాటితే స్ట్రీట్లీ. అక్కడ్నుంచి రిడ్జ్‌వే అనే గుట్టమీది పాతబాట ఎక్కితే ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్ దాకా 70 కిలోమీటర్లు, ఊరు తగలదు. ఈ సగంల సైకిల్‌కి హక్కు ఉంది. స్ట్రీట్లీకి తూర్పు దిక్కు సగంల చానా మటుకు నడకబాటనే, అటు పోకు. మధ్యల అఫింగ్టన్ తెల్లగుర్రం, 110 మీటర్ల పొడుగు, కంచుయుగం నాటిది, మూడువేల ఏండ్ల కింద తవ్విన్రు. గడ్డి కమ్మకుండ ఎప్పటికప్పుడు కొత్త సుద్ద పోసి సుత్తెలతోని కొడ్తరు, అందుకే ఇంకా కనపడుతది. దాని పక్కనే వేలాండ్స్ స్మితీ అని పాత సమాధి, చెట్ల నీడ. అన్నం తినటానికి అంత మంచి జాగ నాకు ఇంకోటి తెల్వదు.

నీళ్లు మూడు లీటర్లు కట్టుకో. వాన పడ్డ మర్నాడు మాత్రం పోకు. తడిసిన సుద్ద సబ్బు లెక్క జారుతది, మడ్‌గార్డుల ఇరుకుతది, ఎండితే సిమెంటే.

పాతగేరు:

గుట్టమీదోడా, నీ టైర్లెంత? రెండంగుళాలపైనే కదా. అబ్బాయి టైర్లు 35, వెనక బ్యాగులు. ఎండాకాలం ఒక రోజు ఖాళీ సైకిల్‌తో రిడ్జ్‌వే మీదికి పోతే నేను కాదనను. మూడు రోజుల ప్రయాణంలో మాత్రం వద్దంటాను. వాన పడితే మారడానికి అక్కడ వేరే దారి లేదు, లోయలో ఎప్పుడూ ఉంటుంది.

ఇక మిగిలింది. స్టోన్‌హెంజ్‌కి ఏ303 మీద సైకిల్ ఎక్కకు, లారీల రోడ్డు అది. డరింగ్టన్ దాటాక లార్క్‌హిల్ వైపు తిరుగు. అక్కణ్ణుంచి దక్షిణంగా రాళ్ల పక్కకి మట్టిబాట ఉంది, సైకిల్ వెళ్లొచ్చు. కంచె అవతల నుంచి రాళ్లు బాగానే కనిపిస్తాయి. టికెట్ కొని లోపలికెళ్లినా తాడు ఇవతలే నిలబెడతారు, కాబట్టి నా ఓటు బాటకే. మ్యూజియం చూడాలంటే సందర్శకుల కేంద్రం 2 కిలోమీటర్ల పైగా పడమట ఉంది, దానికి ఒక గంట తీసిపెట్టుకో. చూసుకుని వచ్చిన దారినే వెనక్కి వచ్చి ఏమ్స్‌బరీ చేరు.

ఏమ్స్‌బరీ నుంచి సాల్స్‌బరీకి వుడ్‌ఫర్డ్ లోయ. అప్పర్, మిడిల్, లోయర్ అని మూడు వుడ్‌ఫర్డ్‌లు వరసగా వస్తాయి. సాయంత్రం ఎండలో ఈ పదిహేను కిలోమీటర్లు తొక్కడానికి నేను స్విండన్ నుంచి పనిగట్టుకుని వస్తుంటాను. సాల్స్‌బరీ చర్చి శిఖరం 123 మీటర్లు, దేశంలోకెల్లా ఎత్తైనది. ఆ ఊళ్లో దారి తప్పడం చేతకాదు.

సోమవారం, సాల్స్‌బరీ నుంచి ఓవర్టన్ (ఇది హాంప్‌షైర్‌లో ఊరు, ఏవ్‌బరీ దగ్గరి ఓవర్టన్ హిల్ కాదు), 55 దాకా. వింటర్‌స్లో, బ్రాటన్ అనే ఊళ్ల మీదుగా స్టాక్‌బ్రిడ్జ్. పొద్దున్నే ఒక మిట్ట, అదొక్కటే. స్టాక్‌బ్రిడ్జ్‌లో టెస్ట్ నది పాయలుగా చీలి పెద్దవీధి కిందనుంచి పోతుంది. పేవ్‌మెంట్ మీద నిలబడి చూస్తే మూరెడు ట్రౌట్ చేపలు ప్రవాహానికి ఎదురుగా, తోక మాత్రం ఆడిస్తూ ఉన్నచోటే ఉంటాయి. వాటిని పట్టే హక్కు కోసం ఇక్కడ ఒక్క రోజుకి ఇచ్చే డబ్బుతో నువ్వు మంచి టైర్లు రెండు జతలు కొనుక్కోవచ్చు. అక్కణ్ణుంచి ఏటికి ఎదురే: లాంగ్‌స్టాక్, వర్‌వెల్, లాంగ్‌పారిష్, విట్‌చర్చ్, లావర్‌స్టోక్, ఓవర్టన్. ఎగువకి పోతున్నా ఎక్కుతున్నట్టు తెలియదు. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది. మొదటి రోజు ముఖానికి కొట్టినా గట్టు మీద చెట్లు కాస్తాయి. అలసిపోయిన మూడో రోజుకి అది వీపు మీద ఉంటుంది. దారి ఇలా తిప్పింది అందుకే.

విట్‌చర్చ్, ఓవర్టన్ రెండు చోట్లా స్టేషన్లున్నాయి. అక్కడ రైలెక్కి బేసింగ్‌స్టోక్‌లో మారితే రీడింగ్.

సముద్రగాలి:

బ్రైటన్ నుంచి రాస్తున్నానండీ. దారి సంగతి పెద్దలు చెప్పారు, నేను రెండు విషయాలు కలుపుతాను.

కొత్తచక్రం గారూ, బాటల హక్కులు తెలుసుకుని వెళ్లండి. పసుపు బాణం నడకబాట, సైకిల్ తొక్కకూడదు. నీలం బాణం గుర్రపుబాట, 1968 చట్టం నుంచి సైకిళ్లకీ హక్కుంది, కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రాలకీ మనమే దారివ్వాలి. గుర్రం వెనకనుంచి వస్తున్నప్పుడు గంట కొట్టకండి, బెదురుతుంది. మనిషి గొంతుతో హలో అనండి. ఎర్రబాణం బాటలో బళ్లు కూడా రావచ్చు. ఆర్డినెన్స్ సర్వే పటంలో రోడ్డు మీద ఒక బాణం గుర్తుంటే 14 శాతం పైన మిట్ట, రెండుంటే 20 శాతం పైన. రెండు బాణాలున్న రోడ్డుకి బ్యాగులతో వెళ్లకండి, ఫోన్‌లోని మ్యాప్ ఇది చెప్పదు.

రెండోది తిండి. పల్లెల్లో ఆదివారం కొట్లు నాలుగింటికే మూసేస్తారు, కొన్ని అసలు తెరవరు. పబ్‌లలో వంటగది మధ్యాహ్నం రెండున్నరకి కట్టేసి మళ్లీ ఆరింటికి తెరిచేవి చాలా ఉన్నాయి. శాకాహారులకి కాల్చిన బంగాళాదుంప, బీన్స్, చీజ్ శాండ్‌విచ్ ఎక్కడైనా దొరుకుతాయి కానీ మూడు రోజులు అదే తింటే విసుగు. మొదటి రోజుకి చింతపండు పులిహోర కట్టుకెళ్లండి, మర్నాడు పొద్దున దాకా ఢోకా లేదు. హాంప్‌షైర్ వైపు ఊట నీళ్లలో వాటర్‌క్రెస్ అనే ఆకుకూర పండిస్తారు. ఇంటిముందు బల్లమీద కట్టలు పెట్టి పక్కన డబ్బుల డబ్బా ఉంచే ఇళ్లు కనిపిస్తే ఒక కట్ట తెచ్చుకోండి. ఆవఘాటు ఉంటుంది. కందిపప్పులో చివర్న వేసి ఒక్క పొంగు రానిచ్చి దించితే అన్నంలోకి చాలా బావుంటుంది.

ఎప్పుడైనా ఇటు వస్తే సౌత్ డౌన్స్ అనే సుద్దగుట్టల మీద ఛత్రి చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ భారత సైనికులకి బ్రైటన్ రాజప్రాసాదంలో ఆసుపత్రి పెట్టారు కదా, చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ప్యాచమ్ పైన గుట్టమీద దహనం చేశారు. అదే చోట 1921లో పాలరాతి ఛత్రి కట్టారు. చితులు పేర్చిన అరుగుల మీద మూడు గ్రానైట్ పలకలు పరిచి ఉంటాయి. చుట్టూ గొర్రెల మేతభూమి, రోడ్డు లేదు. చివర కాస్త దూరం సైకిల్ దిగి నడిపించుకెళ్లడం మర్యాద. మా అబ్బాయిని తీసుకెళ్తే వీళ్లంతా ఇక్కడికెందుకొచ్చారని అడిగాడు, ఇంటికొచ్చేదాకా ఆ కబుర్లే. మొత్తం సౌత్ డౌన్స్ వే విన్‌చెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు, అది మీకు వచ్చే ఏడాదికి.

కొత్తచక్రం:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. పాతగేరు అన్న దారే ఖాయం చేసుకున్నాను. రెండు సందేహాలు. సుద్దనేలలో పంక్చర్లు ఎక్కువంటున్నారు, టైర్లు మార్చాలా? బ్యాగుల బరువుతో మిట్ట ఎక్కడం ముందే అలవాటు చేసుకోవడానికి రీడింగ్ దగ్గర ఏదైనా చోటుందా?

పాతగేరు:

పంక్చర్లకి కారణం సుద్ద కాదు, అందులో ఉండే చెకుముకి రాయి. ఆదిమానవుడు కత్తులు చేసుకున్న రాయే. విరిగితే అంచు గాజుముక్కలా ఉంటుంది, వాన నీళ్లు దాన్ని గుట్టమీంచి రోడ్డు మీదికి తెస్తాయి. అది గుచ్చుకోగానే గాలి పోదు. రబ్బరులో దిగి కూర్చుంటుంది, చక్రం తిరిగిన కొద్దీ లోపలికి జరుగుతుంది, మర్నాడు ఎక్కడో ఊరుకి దూరంగా ట్యూబుని అందుకుంటుంది. కాబట్టి రాత్రి గదికి చేరగానే స్నానం కంటే ముందు టైర్లు తడిగుడ్డతో తుడువు. వేలిగోటితో టైరు చుట్టూ రాసుకుంటూ పో. చిన్న కోతలో ఏదో గరుకుగా తగులుతుంది, బియ్యపుగింజలో సగం ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతుంది. పిన్నీసుతో పెకిలించి తీసెయ్. రెండు టైర్లకీ పది నిమిషాలు. పాతవి అరిగి ఉంటే ష్వాల్బే మారథాన్ లాంటి మందం టైర్లు వేయించు, బరువు ఎక్కువే కానీ ఈ నేలకి అవే సరి. అదనపు ట్యూబులు రెండు, పంపు, టైరు లీవర్లు పెట్టుకో.

అలవాటుకి స్టోక్ రో వెళ్లిరా. మీ ఊరికి ఉత్తరాన చిల్టర్న్ గుట్టల మీద, ఇదీ సుద్దనేలే, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. అక్కడొక బావి ఉంది, బంగారు రంగు గుమ్మటం, లోపల ఏనుగు బొమ్మ. 1860లలో కాశీ మహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింగ్ డబ్బిచ్చి తవ్వించాడు. ఆ ప్రాంతం నుంచి వెళ్లి కాశీ వైపు ఉద్యోగం చేసిన ఇంగ్లీషు అధికారి తమ ఊళ్లో నీటి కరువు గురించి ఆయనకి చెప్పాడట. నీళ్లు పడేసరికి 368 అడుగులైంది, మొత్తం చేత్తో తవ్వారు. గుట్టమీద ఊళ్లెందుకు లేవన్నానో ఆ బావిలోకి తొంగి చూస్తే తెలిసిపోతుంది. బ్యాగుల్లో బియ్యం సంచులు పడేసి వెళ్లు. చిన్న గేరులో కాళ్లు వేగంగా తిప్పుతూ, కూర్చునే ఎక్కడం నేర్చుకో. నిలబడి తొక్కితే వెనక బరువు ఊగుతుంది.

ఇంకొకటి. బ్యాంక్ హాలిడేకి రైల్వేవాళ్లు పట్టాల పని పెట్టుకోవడం ఇక్కడ మామూలు. రైలుకి బదులు బస్సు వేస్తే అందులో సైకిల్ ఎక్కించుకోరు. ముందు వారమే సోమవారం సాయంత్రానికి ఓవర్టన్ లైను, బేసింగ్‌స్టోక్ లైను రెండూ నడుస్తున్నాయో లేదో చూసుకో. లేకపోతే సాల్స్‌బరీలో ఇంకా పెందలాడే లే, ఓవర్టన్ నుంచి రీడింగ్‌కి తొక్కాల్సింది మరో నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. గదులు మాత్రం ఇవాళే పట్టుకో. మార్ల్‌బరోలో ఆ వారాంతానికి ఉన్నవే కాసిని.